ట్యాంకు ఎటువైపు

కిందటి ఆదివారం ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వెళుతుంటే నా ఎదురు సీట్లో ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. ఇద్దరికీ ఒకే రకం తెల్లబట్టలు, వీపు మీద ఒకే బొమ్మ. ఆడపిల్లకు పదేళ్ళుంటాయేమో, నడుముకు ఆకుపచ్చ బెల్టు. పక్కనున్నవాడు ఆమెకంటే జానెడు ఎత్తు, పోలికలు చూస్తే అన్న అని తెలిసిపోతోంది, వాడి నడుముకు పసుపు. చూసేవాళ్ళకు అవి వట్టి రెండు రంగులు. తైక్వాండో నేర్చినవాళ్ళకు మాత్రం పసుపు కంటే ఆకుపచ్చ పైమెట్టు అని తెలుసు. ఆ అన్న కిటికీలోంచి స్తంభాలు లెక్కపెడుతున్నట్టు బయటికే చూస్తున్నాడు తప్ప చెల్లెలి నడుము వైపు ఒక్కసారి కూడా చూడటం లేదు. అలా చూడకుండా కూర్చోవడానికి ఎంత పట్టుదల కావాలో నాకు తెలుసు. అరవై దాటినవాణ్ణి, ముప్పై ఏళ్ళకు పైగా పత్రిక డెస్కు మీద ఊరివాళ్ళ గొడవలన్నీ చల్లగా దిద్ది పంపినవాణ్ణి, వాణ్ణి చూడగానే నోట్లో ఏదో పాత చేదు ఊరింది.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకు బ్యాంకులో హైదరాబాదు బదిలీ అయితే వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు లోపలగా ఒక మేడ కింది వాటాలో దిగాం. అప్పటికింకా అక్కడ అడుగు తీసి అడుగు వేసే చోటుండేది. ఇళ్ళ మధ్య ఖాళీ స్థలాలుండేవి, వాటిలో గేదెలుండేవి, ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు ఎక్కారంటే ఇక ఊరు అయిపోయినట్టే. మా వీధిలో సగం మంది మాలాగే కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, సగం మంది ఇక్కడివాళ్ళు, కాబట్టి కుళాయి దగ్గర ఒక బిందె వెనక నుంచి ‘ఏంటండీ’ అనీ మరో బిందె వెనక నుంచి ‘ఏంది’ అనీ వినిపిస్తూ ఉండేది.

నాన్న నన్ను ఇంటర్ మొదటి సంవత్సరంలో తైక్వాండోలో చేర్చడానికి కారణం ఆత్మరక్షణ కాదు, నా భుజాలు. ఎవరింటికి వెళ్ళినా వీడేమిటి ఇంత పీలగా ఉన్నాడు అని అడగటం, ఆ మాటకు అమ్మ చిన్నబోవడం ఆయన భరించలేకపోయారు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ప్రైవేటు స్కూలు మైదానంలో పొద్దున్నే ఆరింటికి క్లాసు. మాస్టారు సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగి, తమిళుడు, తెలుగూ హిందీ కలిపి మాట్లాడేవారు. ఎవరైనా కరాటే అంటే కోపం వచ్చేది, ఇది కొరియా విద్య, పేరు సరిగ్గా పలకండి అనేవారు.

ఆ విద్యలో మనసుకు పట్టేది కొట్టుకోవడం కాదు, పూమ్సే. ఎదురుగా ఎవరూ లేకుండానే ఎవరో ఉన్నట్టు ఊహించుకుని, దెబ్బను అడ్డుకుంటూ, తన్నుతూ, గుద్దుతూ, తిరుగుతూ ఒక క్రమంలో చేసుకుపోయే కదలికల వరస అది. నల్ల బెల్టు కంటే ముందు ఎనిమిది పూమ్సేలుంటాయి, బెల్టు రంగు మారేకొద్దీ పూమ్సే కష్టమవుతూ పోతుంది. మొదలుపెట్టిన చోటే ముగియాలన్నది దానికి నియమం. అడుగు ఒక్కటి పొడుగైనా పొట్టిదైనా చివరకు వేరే చోట తేలతాం. మాస్టారు మొదలుపెట్టేటప్పుడు మా పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, అయిపోయాక వచ్చి చూసేవారు.

ఇంకొక సంగతి చెప్పాలి, ఈ కథంతా దాని మీదే నడిచింది. మాస్టారు మాకు ఎదురుగా నిలబడి చేసి చూపించేవారు గదా, ఆయన ఎడమ మాకు కుడి అవుతుంది. చిన్నవాళ్ళు తికమకపడి ఒకరినొకరు గుద్దుకుంటుంటే విసుగొచ్చి ఎడమ, కుడి అన్న మాటలే క్లాసులో వద్దన్నారు. మేం నిలబడితే ముందు జెండా స్తంభం, ఎడమవైపు మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకు, కుడివైపు రోడ్డు, వెనక బడి. కాబట్టి ‘ట్యాంకు వైపు తిరుగు, అడ్డుకో, రోడ్డు వైపు తిరుగు, తన్ను’ అని చెప్పేవారు. మేమూ అలాగే నేర్చుకున్నాం. మా కాళ్ళకు దిక్కులు ఆ నాలుగే.

నాకంటే నాలుగేళ్ళు చిన్నది మా చెల్లెలు. తనకు ఆ పక్క వీధిలోనే ఏడింటికి హిందీ ట్యూషను. ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక అమ్మ నాతో పంపేది, నా క్లాసు అయ్యేదాకా హిందీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బడి మెట్ల మీద కూర్చునేది. అలా మూడు నెలలు కూర్చుంది. ఒకరోజు మాస్టారు మొదటి పూమ్సే తప్పుల్లేకుండా ఎవరు చేస్తారని అడిగితే మాలో ఎవరూ కదల్లేదు. మెట్ల మీద నుంచి పరికిణీ ఎగదోపుకుంటూ ఈమె లేచి వచ్చింది. ట్యాంకు వైపు తిరిగింది, రోడ్డు వైపు తిరిగింది, జెండా దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే ఆగింది. మాస్టారు సుద్దముక్క జేబులో పెట్టుకుని, రేపటి నుంచి బట్టలు కుట్టించుకుని రమ్మన్నారు. అమ్మకు ఈ సంగతి నేనే చెప్పాను. సంతోషంగా చెప్పానని అమ్మ అనుకుంది.

ఏడాది తిరిగేసరికి ఆమె నడుముకు ఆకుపచ్చ వచ్చింది, నాది ఇంకా పసుపే. ఈ విద్యలో వరసలో నిలబడటం వయసును బట్టి కాదు, రంగును బట్టి. ‘చారియత్’ అంటే నిటారుగా నిలబడాలి, ‘కున్నే’ అంటే వంగి దండం పెట్టాలి; కొరియా మాటలు మా చెవులకు అలా వినిపించాయి, అలాగే పలికాం. ముందు మాస్టారికి, తర్వాత కిందివాళ్ళు పైవాళ్ళకు వంగాలి. ఇంట్లో నేను పీట వేసుకుని కూర్చుంటే మంచినీళ్ళు తెచ్చిపెట్టే పిల్ల, అక్కడ పొద్దున్నే ఆరింటికి నా ముందు నిలబడితే నేను నడుము వంచాలి. నేను వంగేవాణ్ణి కాదు, మెడ మాత్రం కొంచెం కదిలించేవాణ్ణి.

అది ఎవరికీ తెలియదనుకున్నాను. మా క్లాసులో అందరికంటే పెద్దవాడు, చంపాపేట నుంచి సైకిలు మీద వచ్చే కరెంటాఫీసు ఉద్యోగి ఒకాయనుండేవాడు. ఎర్ర బెల్టు, ముప్పై దాటిన వయసు, మమ్మల్నందర్నీ తమ్మీ అనేవాడు. ఒకరోజు బూట్లు వేసుకుంటూ నా పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

“ఏంది తమ్మీ, చెల్లెకు వంగితే నడుమేమన్న ఇరుగుతదా? జర వంగు. గామెను చూసి కాదు, గా బెల్టును చూసి వంగు.”

ఆ బెల్టునే చూడలేకపోతున్నానని ఆయనకెలా చెప్పను? ఆమె పిడికిలి ముందుకు దూసినప్పుడు చొక్కా చెయ్యి టప్పుమని చప్పుడు చేసేది. అదే గుడ్డ, అదే దర్జీ, నా చెయ్యి మాత్రం ఎన్నిసార్లు విదిలించినా పలికేది కాదు. మాస్టారు కొత్తవాళ్ళకు చూపించడానికి ఆమెనే పిలిచేవారు. స్నానాల గదిలో తలుపు వేసుకుని నేను ఆ చప్పుడు కోసం ఎన్ని పొద్దులు గుద్దానో చెప్పుకుంటే నవ్వుతారు. అమ్మ తలుపు కొట్టి, లోపల బట్టలు ఉతుకుతున్నావా ఏమిటని అడిగేది.

క్లాసులో ఇంకో ఆనవాయితీ ఉండేది. పై రంగుకు వెళ్ళినవాళ్ళు తమ పాత బెల్టు మాస్టారికి తిరిగి ఇచ్చేయాలి, ఆయన దాన్ని కిందినుంచి వచ్చేవాళ్ళకు కట్టేవారు. చెల్లెలికి నీలం వచ్చిన రోజునే నాకు ఆకుపచ్చ వచ్చింది. మాస్టారు ఆమె నడుము నుంచి విప్పిన బెల్టునే, ఇంకా ఆ వేడి పోకముందే, తెచ్చి నాకు కట్టారు. లోకంలో ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు విడిచినవి చిన్నవాళ్ళకు వస్తాయి. ముడి పడి పడి అరిగిన గుర్తులు ఆమె నడుము కొలతకున్నాయి, నాకు ఎంత సర్దినా పక్కకు జరిగి కనిపించేవి. ఆ సాయంత్రం అమ్మ పాయసం చేసింది. నేను కడుపులో బాగాలేదన్నాను.

మరో ఏడాదికి నేనూ నీలానికి చేరాను. ఇక మిగిలింది ఎరుపు. ఎర్ర బెల్టు పరీక్ష ఏడాదికొక్కసారి, ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు. అందులో ఆరో పూమ్సే చేయాలి. ట్యాంకు వైపు తిరగడంతో మొదలై, చివర వెనక్కి అడుగులు వేస్తూ బయల్దేరిన చోటికి చేరాలి, కాబట్టి కాలు పెట్టే చోటు కంటికి కనిపించదు. చెల్లెలు అప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి కూర్చుంది. ఎదిగిన పిల్ల ఇంకా ఈ తన్నులాటలేమిటని మా మేనత్త అప్పటికే రెండు ఉత్తరాలు రాసింది. నాన్న ఎటూ చెప్పలేక మధ్యేమార్గంగా ఒక మాటన్నారు: ఎరుపు వస్తే ఇంకో రెండేళ్ళు, నల్ల బెల్టు దాకా చూద్దాం, రాకపోతే అక్కడితో సరి, మానేసి ఇంటర్ చదువుకోవాలి. నా విషయంలో అలాంటి షరతేమీ లేదు. నేను మగపిల్లవాణ్ణి, తప్పితే మళ్ళీ వెళ్ళొచ్చు. ఆ తేడా నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

పరీక్ష రోజున అందర్నీ హాలు పక్కనున్న వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. కిందివాళ్ళు ముందు, పైవాళ్ళు తర్వాత. ఇద్దరిదీ నీలమే అయినా ఆమెకు ముందు వచ్చింది గనుక నా పేరు ముందు పిలిచారు. మాస్టారు ముందురోజే చెప్పారు, అక్కడ జెండా ఉండదు, పరీక్షాధికారి బల్లే జెండా అనుకోండి, మిగతావి దాన్ని బట్టి చూసుకోండి అని. నేను బల్లకెదురుగా నిలబడ్డాను, జెండా ముందుంటే ట్యాంకు ఎడమన అని లెక్క చూసుకుని ఎడమకు తిరిగాను. గొప్పగా చేయలేదు, ఆఖరున జానెడు పక్కగా ఆగాను, అయినా పరీక్షాధికారి తలూపారు.

బయటికి వచ్చేసరికి చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. అది అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. వరండా ఆ హాలుకు అడ్డంగా ఉండటంతో, లోపల బల్ల ఎక్కడుందో, తను ఏ మొహాన నిలబడాలో అర్థంకాక నా చెయ్యి పట్టుకుంది.

“అన్నయ్యా, ఇక్కడ ట్యాంకు ఎటువైపు?”

హాలుకు ఒక వైపున పెద్ద కిటికీలున్నాయి. వాటిలోంచి రోడ్డు, ఆ రోడ్డు వెంబడి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే బస్సులు కనిపిస్తున్నాయి. మా మైదానం పక్కనున్న ఆ నీళ్ళ ట్యాంకు నిజంగానే ఆ దిక్కునుంది. పరీక్షకు నిలబడినవాళ్ళకు అది కుడిచెయ్యి వైపు.

“ట్యాంకా? అదిగో, అటు,” అని ఆ కిటికీలు చూపించాను.

తర్వాత నేను చేరిన వృత్తిలో, ఒక్క అబద్ధపు మాట లేకుండా తప్పుడు వార్త రాయడం ఎలాగో చూపించిన మహానుభావులు ఉండేవారు. నాకది ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఆమె పేరు పిలిచారు. నేను తలుపు సందులోంచి చూశాను. నిలబడింది, వంగింది, మొదలుపెట్టమన్నారు. ఆమె ఎడమ మడమ లేచింది. రెండేళ్ళు రోజూ తిరిగిన కాలు అది, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, తనంతట తానే ఎడమకు బయల్దేరింది. అప్పుడు ఆమె ఆగింది. ఒకసారి కిటికీల వైపు చూసింది. కాలు వెనక్కి తీసుకుని కుడికి తిరిగింది. మూడో కదలికకే చేతులకూ కాళ్ళకూ పొత్తు కుదరక నిలిచిపోయింది. పరీక్షాధికారి మంచివాడు, కంగారు పడకు, మళ్ళీ మొదటినుంచి చెయ్యి అన్నాడు. మళ్ళీ నిలబడింది. ఈసారి మడమ లేవలేదు. నేరుగా కుడికే తిరిగింది. తన కాళ్ళు చెబుతున్నదాన్ని కాదని రెండోసారి కూడా నేను చెప్పిందే నమ్మింది. మాస్టారు గోడకానుకుని నిలబడినవారు మొహం పక్కకు తిప్పుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఏడవలేదు. నాన్నకు నువ్వే చెప్పు అన్నయ్యా, నాకు చెప్పాలని లేదు అని మాత్రం అంది. నేనే చెప్పాను. నాన్న సరేనన్నారు. అమ్మ ఆ పూట ఎవరి వైపూ చూడకుండా వడ్డించింది.

మర్నాడు నీలం బెల్టు మాస్టారికి అప్పగించడానికి ఆమె ఒక్కసారి క్లాసుకు వచ్చింది. మాస్టారు ఆమెను పక్కకు తీసుకువెళ్ళి చాలాసేపు మాట్లాడారు. ఆ తర్వాత, చివరిసారిగా వరసలో నిలబడి వెళ్ళమన్నారు. నా నడుముకు అప్పుడు కొత్త ఎరుపు. కరెంటాఫీసు ఆయన ‘చారియత్, కున్నే’ అన్నాడు. చెల్లెలు నాకు వంగింది. నేను ఆమెకు వంగినట్టు మెడతో కాదు, నడుముతో, చూపు నేలకు దించి, ఎలా వంగాలని నేర్పారో అలా.

ఎంతో కోరుకున్న రంగు కదా, నాలుగు నెలలు కూడా కట్టలేదు. ముందు నిలబడేవాళ్ళు లేకపోతే పొద్దున్నే లేవబుద్ధి కాలేదు. చదువు మీద వంక పెట్టి మానేశాను, ఆ తర్వాత పత్రికలో చేరాను, ఆమె పెళ్ళయి మన్సూరాబాద్ వెళ్ళింది.

విచిత్రం ఏమిటంటే, ఆమె పెళ్ళయిన ఏడాది నుంచే ఈ సంగతి మా ఇంట్లో హాస్యంగా మారిపోయింది. మొదలుపెట్టింది ఆమే. పండక్కి వచ్చినప్పుడు బావగారికి చెప్పింది: మా అన్నయ్య పాపం ఎంత అమాయకుడంటే, పరీక్షలో ట్యాంకు ఎటువైపని అడిగితే, దిల్‌సుఖ్‌నగర్ ట్యాంకు నిజంగా ఎటుందో చూసి మరీ చూపించాడు, నేనూ అంతే అమాయకంగా తిరిగాను, అని. బావగారు పొలమారేలా నవ్వారు. అప్పటినుంచి పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, ఎవరు కొత్తగా చుట్టరికం కలిపినా ఈ కథ చెప్పించుకునేవాళ్ళు. కోడళ్ళు, అల్లుళ్ళు నవ్వి నా వైపు జాలిగా చూసేవాళ్ళు. నేను మెడ గోక్కుంటూ నవ్వేవాణ్ణి. ఉన్నదాని కంటే అమాయకుడనిపించుకోవడమే చవకగా తోచింది. అక్కడ కూడా నాకు కుళ్ళే: జీవితమంతా రాసి బతికినవాణ్ణి, నా మాటకు నలుగురు కలిసి నవ్వింది లేదు, ఆమె గరిటె చేత్తో పట్టుకుని నాలుగు ముక్కలు చెబితే పంక్తి పంక్తంతా పగలబడేది.

నిరుడు బావగారి షష్టిపూర్తికి మన్సూరాబాద్‌లో వాళ్ళింట్లో భోజనాలు చేస్తున్నాం. మేనల్లుడికి కొత్తగా పెళ్ళయింది, అమ్మాయిది పెద్ద అంబర్‌పేట్, ఇంజనీరు. ఆ పిల్లకు ఈ కథ వినడం అదే మొదటిసారి. అందరితోపాటు నవ్వబోయి, మధ్యలో ఆగి, నా వైపు తిరిగింది. తప్పు పట్టాలని కాదు, లెక్క కుదరక అడిగింది.

“మరి మీ పరీక్షల మీరెటు తిరిగిన్రు మామయ్యా?”

నలభై ఏళ్ళకు పైగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. డెస్కు మీద కుర్ర విలేకరులు తెచ్చిన కథల్లో నేను మొట్టమొదట వెతికే ప్రశ్న అది. నా కథలో మాత్రం అది ఎవరికీ తట్టకూడదని ఇన్నేళ్ళూ కోరుకున్నాను. నేను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. పంక్తిలో నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. చెల్లెలు వంకాయ కూర వడ్డిస్తోంది. నా విస్తరి దగ్గరికి వచ్చి, నాకిష్టమని రెండు కాయలు ఎక్కువేసి, కోడలికి జవాబు చెప్పింది.

“ఎడమకే తిరిగాడమ్మా. నాకప్పుడే తెలుసు. ఆ పెరుగు గిన్నె ఇలా అందుకో.”

అప్పుడే అంటే ఎప్పుడో నేను అడగలేదు. బెల్టు అప్పగించిన రోజు మాస్టారు చెప్పి ఉంటారు. చెప్పాకనే కదా నా ముందుకు వచ్చి అలా వంగింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా నన్ను ఏమీ అడగకముందే, తనే ఒక కథ కట్టి, నన్నందులో అమాయకుణ్ణి చేసి పెట్టింది.

ఇప్పటి పిల్లలకు ఆ తికమకలు లేవు. ఆ మైదానంలో బట్టల షాపుల కాంప్లెక్సు లేచింది, ట్యాంకు ఎప్పుడో కూల్చేశారు. క్లాసులు అద్దాల గదుల్లో రబ్బరు పరుపుల మీద జరుగుతున్నాయి, పూమ్సేలన్నీ ఫోనులోనే ఉన్నాయి, ఎటు తిరగాలో అదే బాణం వేసి చూపిస్తుంది. పరీక్ష గుమ్మంలో నిలబడి అన్నయ్య చెయ్యి పట్టుకుని అడగవలసిన అవసరం ఏ పిల్లకూ లేదు. మంచిదే. మా ఇంట్లో మారిందల్లా ఒకటే, ఆ కథ ఆగిపోయింది. నన్ను చూసి జాలిగా నవ్వే ఆ నవ్వు ఇంత లోటనిపిస్తుందని నేననుకోలేదు. మొన్న ఒక పెళ్ళిలో ఎవరో పిల్లలు చుట్టూ చేరి ట్యాంకు కథ చెప్పమని అడిగితే, చెల్లెలు నా వైపు చూడకుండా, చాలా ఏళ్ళయింది గదమ్మా, మర్చిపోయాను అంది. నాకిప్పుడు మొదటి పూమ్సే కూడా సగానికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఆరు పూమ్సేలూ అడుగు తప్పకుండా గుర్తున్న మనిషి ఆ మాట అంది.